వెనక నిలబడ్డవాడు

అక్టోబరు 6, ఆదివారం

అల్లా దయ. అల్లా దయ. ఎన్నిసార్లు రాసినా తనివి తీరేలా లేదు. నా ఇషాక్ గెలిచాడు. నా కొడుకు గెలిచాడు.

ఇంత సంతోషం నా డెబ్బై ఏళ్ళలో ఎరగను. నా నికా నాడు కూడా ఇంత లేదు. మస్తాన్బీకి తెలుగు చదవడం రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను, వచ్చి ఉంటే రేపు నాకు అన్నం పెట్టదు. నేను చదివింది ఏడో తరగతి. చెక్క గరిటెలు చెక్కే చేతిలో కలం సరిగా నిలవదు. అయినా ఈ రోజు జరిగింది ఒక్క ముక్క కూడా పోకూడదు. అన్నీ రాసుకుంటాను.

ముగ్గురు ఆడపిల్లల తర్వాత, ఇక వీళ్ళకు పిల్లలు లేరులే అని వీధంతా అనుకున్నాక పుట్టినవాడు ఇషాక్. పుట్టినప్పుడు గట్టిగా ఏడవడానికి కూడా వాడికి ఓపిక లేదు. మంత్రసాని నా మొహం చూడకుండా బయటికి పోయింది. ఆ బిడ్డ చేతులే ఈ రోజు కర్ర తిప్పుతుంటే జనం కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు.

కర్రసాము నేర్పే మన ఉదయగిరి తాలీంఖానా మైదానం కొండ కింద ఎంత ఉంటుందో అంత మేరా జనమే. ఆత్మకూరు వాళ్ళు, కలువాయి వాళ్ళు, అనుమసముద్రంపేట వాళ్ళు, అందరూ వచ్చారు. ఈ జత గెలిచినవాడు వచ్చే నెల ఆత్మకూరులో ఆఖరి జతకు పోతాడు. అక్కడ గెలిస్తే కొసకు వెండి పొన్ను తొడిగిన కర్ర ఇస్తారు. ఇషాక్ పోతున్నాడు. ఆటో తోలే నా కొడుకు పోతున్నాడు.

మన కర్రసాము పద్ధతి బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు. నడుముకు పైన, మెడకు కింద మూడు దెబ్బలు ముందు ఎవరు తగిలిస్తే వాళ్ళది గెలుపు. కానీ తగిలిందా లేదా అనేది నడిమిలో నిలబడ్డ ఉస్తాద్ చెప్పడు. కొట్టినవాడు చెప్పకూడదు. తిన్నవాడు కూడా చెప్పకూడదు, ఆడేవాళ్ళకు నోరు లేదు. దెబ్బ తిన్నవాడి వెనక వాడి తండ్రి నిలబడి ఉంటాడు. ఆ తండ్రే ‘తగిలింది’ అని అరవాలి. ఆయన అంటేనే లెక్క, అనకపోతే లెక్క లేదు. ఇప్పటి ఉస్తాద్ గఫార్ వాళ్ళ నాయన మాకు నేర్పేటప్పుడు అనేవాడు: "కొట్టినోడు చెప్తే గొప్ప. చూసినోడు చెప్తే గోల. కన్నోడు చెప్తే తీర్పు." ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

ఇషాక్ వెనక నేను. ఎదురుగా, ఆత్మకూరు శ్రీకృష్ణ వెనక వాళ్ళ నాయన వెంగయ్య. ఆ వెంగయ్యా నేనూ ఒకే ఉస్తాద్ కింద కర్ర పట్టినవాళ్ళం. అప్పట్లో గొర్రెలను మా కొండకు తోలుకొచ్చి, వాటిని వదిలేసి మాతో ఆడేవాడు. గొర్రెలు తప్పిపోయి వాళ్ళ నాయన చేతిలో తన్నులు తిన్నాడు కూడా. ఇన్నేళ్ళకు మా బిడ్డలు ఎదురెదురుగా నిలబడ్డారంటే చెప్పలేని ఆనందం. ఇద్దరం కావలించుకున్నాం.

చెరి రెండు అయ్యాయి. ఇషాక్ తిన్న రెండూ నేనే చెప్పాను. గట్టిగా చెప్పాను, ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా వినపడేలా. తర్వాత శ్రీకృష్ణ కర్ర ఒకటి ఎడమ పక్కకు వచ్చింది. అప్పుడు ఎండ సరిగ్గా నా కళ్ళలో ఉంది. ఎందుకో ఆ పిల్లవాడు కర్ర దించి నా వైపు చూశాడు. ఎందుకు దించాడో ఏమో. ఇషాక్ కర్ర వాడి భుజం మీద పడింది. పడిందో లేదో వెంగయ్య ‘తగిలింది’ అన్నాడు. కన్నకొడుకు ఓడిపోతాడని తెలిసి కూడా అన్నాడు. మూడు.

భుజం మీద పడిన కర్ర జారి కంటికి కాస్త తగిలినట్టుంది. కూర్చుండిపోయాడు. నెల్లూరు తీసుకుపోయారు. వయసు పిల్లలు, తగ్గిపోతుంది.

గెలిచాం. అల్లా దయ.


అక్టోబరు 7, సోమవారం

వీధిలో ప్రతి ఇంటికీ మిఠాయి పంచాను. టీ అంగడి దగ్గర మాలకొండయ్య, "ఏంది ఖలీల్ భాయ్, కర్ర తిప్పింది నువ్వా నీ కొడుకా, నువ్వు నడిచే నడకే మారిపోయిందే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకంటే ఎక్కువ ఎవరూ నవ్వలేదు.

ఇషాక్ పొద్దున్నే ఆటో తీసుకుని పోయాడు. మిఠాయి తినలేదు. అలసిపోయి ఉంటాడు.

మస్తాన్బీ వాడి ఎడమ పక్కటెముకల మీద నల్లగా కమిలిన చోటు చూసిందట. ఉడుకు నీళ్ళు కాచి కాపడం పెట్టింది. ఇది ఎప్పుడు తగిలింది ఇషాక్ అబ్బా అని నన్ను అడిగింది. ఆటో హ్యాండిల్ తగిలి ఉంటుంది అన్నాను. గుంతల రోడ్డు కదా. హ్యాండిల్ పక్కటెముకలకు తగులుతుందా అని అడిగింది. ఆడవాళ్ళకు ఆటో సంగతి ఏం తెలుస్తుంది.


అక్టోబరు 8, మంగళవారం

నెల్లూరు నుంచి ఫోను లేదు.


అక్టోబరు 10, గురువారం

వెంగయ్య ఫోన్ చేశాడు. శ్రీకృష్ణకు ఎడమ కన్ను ఇక రాదని డాక్టర్లు చెప్పేశారట. "పోయింది అన్నా" అన్నాడు. గొర్రె పోతే చెప్పినట్టు చెప్పాడు. నేను ఏడ్చాను. అటు వైపు వాడు నన్ను ఊరడించాడు.

తర్వాత చాలాసేపు పని చేశాను. గంపెడు గరిటెలకు నున్నగా ఆకురాయి పట్టాను. సంతోషం ఎక్కడికీ పోదు, దుఃఖం దుఃఖమే, సంతోషం సంతోషమే. రెండూ ఒక ఇంట్లో ఉండకూడదని ఎవరన్నారు.


అక్టోబరు 11, శుక్రవారం

జుమా నమాజు అయ్యాక తాలీంఖానాలో పెద్దలు కూర్చున్నారు. నన్ను పిలిచారు. వెంగయ్య నెల్లూరు నుంచి బస్సులో వచ్చాడు, మనిషి గడ్డం పెరిగి సగమయ్యాడు.

ఆత్మకూరు వాళ్ళు ఇద్దరు లేచి గొడవ చేశారు. ఇషాక్‌కు ముందే మూడో దెబ్బ తగిలిందనీ, ఆ చప్పుడు తాము విన్నామనీ, తగిలిందని తెలుసు కాబట్టే శ్రీకృష్ణ కర్ర దించి తీర్పు కోసం ఖలీలుల్లా వైపు చూశాడనీ. చూసినోడు చెప్తే గోల. గఫార్ వాళ్ళను కూర్చోబెట్టి నా వైపు తిరిగి పద్ధతి ప్రకారం అడిగాడు, ఆ దెబ్బ తగిలిందా లేదా అని. నాకు కనపడలేదు అన్నాను. దుమ్ము లేచింది అన్నాను. నిజంగా దుమ్ము చాలా లేచింది.

గఫార్ తర్వాత వెంగయ్యను అడిగాడు, నీకేమన్నా ఫిర్యాదు ఉందా అని. వెంగయ్య లేచి నిలబడి తువ్వాలు చేత్తో పట్టుకున్నాడు.

"నాకేం ఫిర్యాదు. ఖలీలన్న చెప్పలేదంటే తగల్లేదు. ఆయన్ని నేను ఇప్పుడు కొత్తగా చూస్తుండానా."

అలా అన్నాడు. నా గుండె నిండిపోయింది. అంత మంచి స్నేహితుడు ఎవరికి ఉంటాడు.

అయితే తగల్లేదని ఖాయమయ్యాక ఇంకొకటి కూడా ఖాయం చేయాల్సి వచ్చింది. ‘తగిలింది’ అనే పిలుపు లేకుండా కర్ర దించడం మన దగ్గర పెద్ద తప్పు. అలా దించినవాడు మళ్ళీ కర్ర పట్టకూడదు, ఎవరికీ నేర్పకూడదు. వాడికి దెబ్బ తగిలితే ఆ దెబ్బ వాడిదే. కన్ను పోవడం శ్రీకృష్ణ తప్పే అని తీర్పు ఇచ్చారు. ఆత్మకూరులో వాడు పిల్లలకు కర్రసాము నేర్పుతున్నాడట. ఆ పిల్లలను మాన్పించమని చెప్పారు.

వెంగయ్య తల ఊపి, బస్సుకు టైమయిందని పోయాడు. ఇది ఇంత దూరం పోతుందని నేను అనుకోలేదు. ఎవరూ అనుకోలేదు.


అక్టోబరు 12, శనివారం

చప్పుడు అంటున్నారు. అది గుంపులో ఎవరిదో కుర్చీ విరిగిన చప్పుడు.


అక్టోబరు 15, మంగళవారం

మొక్కు తీర్చుకోవడానికి అనుమసముద్రంపేట దర్గాకు పోయాను. కొడుకు గెలిస్తే చాదర్ కప్పుతానని మొక్కుకున్నాను. కప్పాను. ఫాతిహా చదివే ఆయన, ఏం సంతోషం కోసం అని అడిగాడు. కొడుకు గెలిచాడని చెప్పబోయి, ఇంట్లో అందరూ బాగుండాలని అన్నాను.

అక్కణ్ణుంచి ఆత్మకూరు ఎంత దూరం, పోయి శ్రీకృష్ణను చూశాను. ఆసుపత్రి నుంచి ముందు రోజే ఇంటికి తెచ్చారు. ఒక కంటికి పట్టీ. దేవకమ్మ నాకు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. అమ్మ కదా, అలానే ఉంటుంది. పోయినసారి నేను చెక్కి ఇచ్చిన గరిటెలు గోడకు వేలాడుతూ ఉన్నాయి.

వెంగయ్య గొర్రెల దగ్గరకు పోయి ఉన్నాడు. నేనూ పిల్లవాడూ మిగిలాం. ఏం మాట్లాడాలో తెలియక ఎండల గురించి, సోమశిలలో నీళ్ళ గురించి చెబుతూ ఉన్నాను. వాడు అన్నీ విని అడిగాడు.

"పెదనాయనా, మా నాయన లేడు గాబట్టి అడుగుతుండా. తగిలిందా, లేదా?"

"నాకు కనపడలా నాయనా."

వాడు కంటి పట్టీ సర్దుకున్నాడు.

"అయితే తగిలుండదులే. నాకే తగిలినట్టు అనిపించింది. కర్ర పట్టుకున్న చేతికి తెలుస్తాది గదా పెదనాయనా, గాలిని కొట్టిందా మనిషిని కొట్టిందా అని. నాకు తెలిసిందనుకున్నా. ఇన్నేళ్ళు ఆడినా నా చేతికి అది కూడా తెలీలేదంటే, ఇంక నేను పిల్లోళ్ళకు ఏం నేర్పేది. వాళ్ళు మాన్పించింది మేలే."

నేను బయటికి వస్తుంటే వీధి అరుగు మీద కూర్చున్న కుర్రవాళ్ళు ఆ ఇంటి వైపు చూసి, "ఏంరా కర్ర దించినోడా, ఇంకా లేవలేదా" అని కేక వేశారు. వాళ్ళను తిట్టాను. పెద్దాయన్ని తిట్టనిచ్చి నవ్వారు.

మజ్జిగలో ఉప్పు వేయడం మరిచిపోయింది దేవకమ్మ.


అక్టోబరు 16, బుధవారం

పని లేదు.


అక్టోబరు 17, గురువారం

చెప్పినా వాడికి కన్ను వస్తుందా. రాదు. నా కొడుకు గెలుపు పోతుంది, వాడికి కన్ను రాదు. ఇద్దరు తండ్రులు ఏడవడం కంటే ఒక తండ్రి ఏడవడం మేలు కదా.

చెప్పేది ఏముంది, నాకు కనపడలేదు కదా. ఏదో రాస్తున్నాను.


అక్టోబరు 19, శనివారం

ఇషాక్ ఇన్నాళ్ళకు నాతో మాట్లాడాడు. అదే సంతోషం.

సాయంత్రం ఆటో కడిగి, నేను చెక్క చెక్కే చోటుకు వచ్చి పొట్టు మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు అలానే కూర్చునేవాడు. నాకు ఎంత ఆనందమయిందంటే ఉలి పక్కన పెట్టేశాను. వాడు చొక్కా పైకెత్తి చూపించాడు. నలుపు పచ్చబడుతోంది. ఒక కర్ర మందాన, అడ్డంగా.

"అబ్బా, నువ్వు చూసినావా లేదా అని నేను అడగను. నాకు తగిలింది. ఊపిరి ఆగిపోయింది. నేను నోరు ఎత్తగూడదు గదా, నువ్వు చెప్తావని చూసినా. నువ్వు చెప్పలా. మా అబ్బ చెప్పలేదంటే తగిలుండదు అనుకున్నా. నా ఒంటి మాట కాదని నీ మాట నమ్మినా. నమ్మినా గాబట్టే కొట్టినా."

నేను ఏమన్నానో రాసుకోవాలి. ‘అమ్మ కూర చేసింది, లేచి తిను నాయనా’ అన్నాను.

వాడు గఫార్ దగ్గరకు పోయి ఇదే చెప్పాడట. ఆడినవాడి మాట లెక్కలోకి రాదు అన్నాడట గఫార్. పద్ధతి పద్ధతే. పద్ధతి ఎంత మంచిదో చూడు, లేకపోతే నా కొడుకు వాడంతట వాడే తన గెలుపు పోగొట్టుకునేవాడు.

చొక్కా దించుకుని, పొట్టు దులుపుకుని పోయాడు.


అక్టోబరు 20, ఆదివారం

ఇషాక్ నోటి దగ్గరకు వచ్చిన ముద్ద కింద పెట్టి లేచిపోయాడు. మస్తాన్బీ నన్ను చూసింది.


అక్టోబరు 24, గురువారం

గఫార్ ఇంటికి వచ్చాడు. గరిటెలు కొనడానికని వచ్చి, రెండింటిని చేతిలోకి తీసుకుని చూసి మళ్ళీ పెట్టేశాడు. ఈ మధ్య నా చెక్కడం బాగాలేదు, ఒకటి వంకర, ఒకటి మందం. ఆ మాట ఆయన అనలేదు, నేనే రాస్తున్నాను.

ఆఖరి జత మొదలుపెట్టే ముందు ఉస్తాద్ మూడుసార్లు పిలుస్తాడు, వెనకటి జతల్లో తమ మాట దిద్దుకునే తండ్రులుంటే దిద్దుకోండి అని. జత మొదలైందంటే ఇక ఎవరు ఏం చెప్పినా చెల్లదు. అది నాకు తెలియని సంగతి కాదు. అయినా ఆయన మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. ఇప్పటి దాకా ఎవరైనా దిద్దుకున్నారా అని అడిగాను. వాళ్ళ నాయన కాలంలో ఒకరు దిద్దుకున్నారట. ఆయన్ని ఏం చేశారు అని అడిగాను.

"ఏం జేస్తారు భాయ్. టీ తాగించి ఇంటికి పంపించినారు. చచ్చేదాకా ఆయన పేరు చెప్పుకున్నారు."

గడప దాటేటప్పుడు ఆగాడు.

"నడిమిట్లో నిలబడినోడిని. నాకు చెవులుండాయి. నోరు మాత్రం లేదు. నోరు నీది."

మనిషి మంచివాడు. కొంచెం ఎక్కువ మాట్లాడతాడు.


అక్టోబరు 27, ఆదివారం

ఇషాక్ ఆత్మకూరు పోయాడు, వెంగయ్య ఇంటికి. ఎందుకు పోయాడో మస్తాన్బీ చెప్పింది. కొడుకు తల్లికి చెప్పాడు, నాకు చెప్పలేదు.

ఆఖరి జతలో తన వెనక నిలబడమని వెంగయ్యను అడిగాడట.

మన పద్ధతిలో అది ఉంది. తండ్రి లేనివాళ్ళ కోసం పెట్టారు. వెనక నిలబడ్డవాడే ఆ పూటకు తండ్రి, మైకులో తండ్రి పేరు కూడా ఆయనదే చెబుతారు. తండ్రి లేనివాళ్ళ కోసం. నేను ఉన్నాను. గడ్డం దువ్వుకుని, ఉలికి పదును పెట్టుకుని, రెండు పూటలా తిని ఉన్నాను.

వెంగయ్య మొదట వద్దన్నాడట. మీ నాయన ఉండగా నేనేంది రా, ఊళ్ళో నవ్వరా అన్నాడట. దేవకమ్మ లోపలి నుంచి వచ్చి, నిలబడు, పిల్లోడు అడుగుతుండాడు గదా అందట. ఏ చేత్తో తన కొడుకు కన్ను పోయిందో ఆ చేతిలో అన్నం ముద్ద పెట్టిందట. ఇది విని మస్తాన్బీ ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. ఇద్దరం వేరు వేరు చోట్ల కూర్చుని ఏడ్చాం.


అక్టోబరు 29, మంగళవారం

గుల్షన్ కలువాయి నుంచి ఫోన్ చేసింది. పెద్ద కూతురు, ఎప్పుడూ నాతో నవ్వుతూ మాట్లాడేది. ఆఖరి జతలో వాళ్ళ ఊరి మాల్యాద్రే ఇషాక్ మీద ఆడేది. "మా ఊళ్ళో అందరూ ఒకటే అడుగుతుండారు అబ్బా, మీ నాయన బతికే ఉండాడు గదా అని" అంది. ఏమని చెప్పావమ్మా అన్నాను. వానకు సిగ్నల్ సరిగా లేదు, ఏం చెప్పిందో వినపడలేదు.


నవంబరు 2, శనివారం

నిర్ణయం అయిపోయింది. రేపు చెబుతాను.

రాయగానే ఎంత తేలికగా ఉందో. ఇన్నాళ్ళూ ఎందుకు మోశానో. తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసి లేస్తుంటే మాట దానంతటదే వచ్చింది. గఫార్ మూడోసారి పిలిచే దాకా కూడా ఆగను, మొదటి పిలుపుకే లేస్తాను. ‘తగిలింది. నా కొడుకు ఎడమ పక్కటెముకల మీద తగిలింది. నేను చూశాను. చెప్పలేదు.’ ఇంతే. నాలుగు ముక్కలు. మస్తాన్బీతో చెప్పాను. ఆమె నా తెల్ల చొక్కా ఇస్త్రీకి ఇచ్చి వచ్చింది. మధ్యాహ్నం నాకిష్టమని ఖీమా చేసింది.

రేపటి నుంచి మళ్ళీ నేనూ ఇషాకూ ఒక పళ్ళెంలో తింటాం. శ్రీకృష్ణ పిల్లలకు కర్ర నేర్పుతాడు. ఒక కన్నుతో నేర్పకూడదా ఏం. ఎంత సంతోషంగా ఉంది. గెలిచిన రోజు కంటే సంతోషంగా ఉంది. చాలా రోజుల తర్వాత ఒక గరిటె నున్నగా, తీరుగా వచ్చింది.


నవంబరు 3, ఆదివారం

ఇషాక్ గెలిచాడు.

ముందు అది రాసుకున్నాను. ఇప్పుడు మిగతాది.

పొద్దున్నే బస్సులో ఆత్మకూరు పోయాను. ఇషాక్ ముందు రోజే పోయి వెంగయ్య ఇంట్లో పడుకున్నాడు. తెల్ల చొక్కా వేసుకున్నాను. మైదానంలో నాకు తెలిసినవాళ్ళు ముందు వరుసలో కుర్చీ వేయబోతే వద్దని వెనక కూర్చున్నాను. ముందు వరుసలో శ్రీకృష్ణ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, దేవకమ్మ పక్కన కూర్చుని ఉన్నాడు. వాడి పక్క కుర్చీ ఖాళీ. ఎవరూ కూర్చోలేదు.

మైకులో పేర్లు చదివారు. "మాల్యాద్రి, తండ్రి చెంచయ్య. ఇషాక్, తండ్రి వెంగయ్య." తెలియనివాళ్ళు నవ్వారు, తెలిసినవాళ్ళు వెనక్కి తిరిగి నన్ను వెతికారు.

గఫార్ నడిమిలోకి వచ్చాడు. మాట దిద్దుకునేవాళ్ళుంటే దిద్దుకోండి అని పిలిచాడు. నేను లేవబోయాను, ముందున్న ఆయన అడ్డంగా ఉన్నాడు. రెండోసారి పిలిచాడు. చొక్కా సర్దుకుంటూ ఉండిపోయాను. మూడోసారి పిలిచేటప్పుడు ఆయన ఎవరి వైపూ చూడకుండా నేల వైపు చూస్తూ, నిదానంగా పిలిచాడు. నేను లేచాను.

లేచాను. అది నిజం. అందరూ చూశారు. ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇషాక్ కర్ర పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నాడు. వాడి మొహంలో చిన్నప్పటి మొహం కనిపించింది. వాడి వెనక వెంగయ్య. శ్రీకృష్ణ మంచిగా ఉన్న కన్ను ఇటు తిప్పడానికి తల మొత్తం తిప్పాడు.

మాట నోటి దాకా వచ్చింది. అప్పుడు ఆ మైకులో నా ఊపిరి చప్పుడు నాకే పెద్దగా వినపడింది. ఇంత మంది. నేను చెప్పాను.

"అందరి బిడ్డలూ చల్లగా ఉండాల. గెలుపైనా ఓటమైనా పైవాడి దయ. నా బిడ్డ కోసం, వెంగయ్య బిడ్డ కోసం దువా చేస్తుండా. అందరూ ఆమీన్ అనండి."

అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. పెద్దాయన ఎంత బాగా మాట్లాడాడు అని నా పక్కాయన అన్నాడు. నేను కూర్చున్నాను. గఫార్ చేయి ఎత్తి దించాడు, జత మొదలైంది. ఇక ఏ మాటా చెల్లదు.

నేను చూసినప్పుడు శ్రీకృష్ణ అప్పటికే ముందుకు తిరిగి ఉన్నాడు.

ఇషాక్ బ్రహ్మాండంగా ఆడాడు. వాడికి రెండుసార్లు తగిలింది. మొదటిసారి తగలగానే వెంగయ్య చెప్పాడు. రెండోది నా పక్కన వాళ్ళకు ఎవరికీ కనపడలేదు, చొక్కా అంచుకు తాకింది అంతే. అది కూడా వెంగయ్య చెప్పాడు. చెప్పినప్పుడల్లా ఇషాక్ కర్ర దించి, తిరిగి ఆయనకు తల వంచి, మళ్ళీ మొదలుపెట్టాడు. మూడో దెబ్బ మాల్యాద్రి మీద పడగానే వాళ్ళ నాయన చెప్పేశాడు. వెండి పొన్ను కర్ర పద్ధతి ప్రకారం వెనక నిలబడ్డవాడి చేతిలో పెట్టారు.

వెంగయ్య ఆ కర్ర తీసుకుని, దారిలో అందరూ భుజం తడుతుంటే ఆగకుండా, జనంలోంచి వెనక్కి నేనున్న చోటుకు వచ్చాడు.

"పట్టుకో అన్నా. నీ కొడుకు గెలిచినాడు."

"వెంగయ్యా" అన్నాను.

"చెప్పన్నా."

ఆగాడు. నిజంగా ఆగాడు. తొందర లేని మనిషి, మందను తోలి తోలి ఆగడం నేర్చుకున్నవాడు.

"బాగా నిలబడినావు" అన్నాను.

"నిలబడక ఏం జేస్తాం" అన్నాడు. కర్ర నా చేతిలో పెట్టి పోయాడు. నేను పట్టుకున్నాను. పట్టుకోకుండా ఉంటే కింద పడేది.

ఇషాక్ అది దూరం నుంచి చూశాడు. ఆ కర్ర ఎవరికి ఇవ్వాలని ఆడాడో నాకు తెలుసు. వాడు నా దగ్గరకు రాలేదు. శ్రీకృష్ణ చేయి పట్టుకుని ఆటో ఎక్కించి, దేవకమ్మను ఎక్కించి, వెంగయ్యను ముందు తన పక్కన కూర్చోబెట్టుకుని తోలుకుపోయాడు. మలుపు దగ్గర అరుగు మీద కుర్రవాళ్ళు శ్రీకృష్ణను చూసి పాత మాటే అరిచారు. అది ఇక వాడు ఉన్నంత కాలం అంటారు. దాన్ని మార్చగలిగిన మనిషి కర్ర పట్టుకుని బస్టాండుకు నడిచాడు. బస్సులో సీటిచ్చారు, కర్ర చూసి. ఎవరు గెలిచారని అడిగారు. నా కొడుకు అని చెప్పాను.

ఇంటికి వచ్చేసరికి మస్తాన్బీ వాకిట్లోనే ఉంది. ఒకటే అడిగింది.

"చెప్పినావా?"

"ఇషాక్ గెలిచినాడు" అన్నాను.

"గెలిచిన సంగతి నేను అడగలా."

ఆమె కర్రను గడప దాటనివ్వలేదు. వాకిట్లో గోడకు ఆనించి లోపలికి వచ్చాను. చొక్కా విప్పి మడత పెట్టుకున్నాను, పెద్దగా నలగలేదు. ఇప్పుడు వాన మొదలైంది. వెండి పొన్ను కిందికి నీళ్ళు దిగితే చెక్క ఉబ్బుతుంది, ఉబ్బితే పొన్ను దగ్గర చీలుతుంది. లేచి తెచ్చుకోవాలి. లేదంటే ఈ వానలోనే తీసుకుని ఆత్మకూరు బస్సెక్కాలి, ఇంకో బస్సు ఉంది.

మస్తాన్బీ గడప మీద కూర్చుని నా వైపే చూస్తోంది. నేను రాసుకుంటున్నాను.